అశరీరులపై ఏ ఆయుధం పనిచేస్తుంది? టేబుల్‌టాప్ ఆటగాళ్లకు సమగ్ర మార్గదర్శి

పాడుబడ్డ కోటలో ఏదో తిరుగుతోందని, దాని చేతులు గోడలోంచి బయటికి వస్తాయని కథ నడిపే గేమ్ మాస్టర్ చెప్పగానే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడేవారిలో ఒకరు వెండి కత్తి కొనడానికి బయలుదేరతారు. ఇంకొకరు కోల్డ్ ఐరన్ అనే ప్రత్యేక ఇనుముతో చేసిన బాణాలు అడుగుతారు. సంచిలో బంగారం బాగా ఉన్నవారు అడమంటైన్ అనే అతి గట్టి కల్పిత లోహపు గొడ్డలి వైపు చూస్తారు. చాలా ఆటల్లో ఈ మూడూ దెయ్యం లాంటి అశరీరి మీద, అంటే ఒళ్లు లేని శత్రువు మీద, మామూలు కత్తి కంటే ఎక్కువ పని చేయవు. కొన్నింట్లో వెండి పూత దెబ్బను తగ్గిస్తుంది కూడా. అయితే ఒక ఆటలో, ఒక రకం ప్రేతం మీద, అదే వెండి పోరాటాన్ని సగానికి పైగా కుదిస్తుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే మీ బంగారం వృథా కాదు, మీ పాత్ర ప్రాణమూ నిలుస్తుంది.

ఇక్కడ చెప్పేవన్నీ మన దగ్గర ఎక్కువగా ఆడే రెండు కుటుంబాల ఆటల గురించి: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 3.5 ఎడిషన్ (2003), ఐదవ ఎడిషన్ (2014). పాత్‌ఫైండర్‌లో మొదటి ఎడిషన్ (2009), రెండో ఎడిషన్ (2019).

మొదటి అడుగు: ఎడిషన్ ఏదో ముందు తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. 3.5 ఆడి పెరిగిన ఆటగాడు ఐదవ ఎడిషన్ బల్ల దగ్గర కూర్చుని "మామూలు కత్తి దెయ్యానికి తగలదు కదా" అంటాడు. అక్కడ తగులుతుంది, సగం డ్యామేజ్ (దెబ్బ చేసే నష్టం) పడుతుంది. ఐదవ ఎడిషన్ నుంచి 3.5కి వెళ్లినవారు దీనికి తలకిందులుగా పొరబడి, మామూలు ఖడ్గంతో రైత్ అనే ప్రేతం మీదికి దూకుతారు. అక్కడ పడే డ్యామేజ్ సున్నా. దెయ్యం పేరు ఒకటే, బొమ్మా దాదాపు ఒకటే, లెక్క మాత్రం వేరు.

రెండో అడుగు: రెండు రక్షణలను విడదీసి చూడండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. రాక్షసుల రక్షణలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటి ప్రశ్న: ఈ శత్రువుకు శరీరం ఉందా? రెండోది: ఉన్న శరీరాన్ని ఏ లోహం బాగా కోస్తుంది?

వెండి, కోల్డ్ ఐరన్, అడమంటైన్ అన్నీ రెండో ప్రశ్నకు సంబంధించినవి. 3.5లో వేర్‌వుల్ఫ్‌కు (తోడేలుగా మారే మనిషికి) డ్యామేజ్ రిడక్షన్ 10 ఉంటుంది, అంటే ప్రతి దెబ్బ నుంచీ 10 తగ్గుతుంది, దాన్ని వెండి దాటుతుంది. అదే ఎడిషన్‌లో వాంపైర్‌ను పూర్తిగా గాయపరచాలంటే ఆయుధం వెండిదీ కావాలి, మంత్రశక్తి ఉన్న మాయాయుధమూ కావాలి. కోల్డ్ ఐరన్ పాతాళ లోకవాసులైన అనేక డీమన్లకు, ఫే అనే మాయావి జాతులకు విరుగుడు. అడమంటైన్ కొన్ని గోలెమ్‌లను (ప్రాణం పోసిన బొమ్మలను), తలుపులను, గోడలను చీలుస్తుంది. వీటన్నింటికీ దెబ్బ తగలడానికి ఒక ఒళ్లు ఉంది.

అశరీరికి ఆ ఒళ్లే లేదు. కాబట్టి లోహం గురించిన ప్రశ్న చాలాసార్లు అక్కడిదాకా రానే రాదు. వాంపైర్ మృతజీవి, దెయ్యమూ మృతజీవే కనుక ఒకదానికి పనిచేసిన వెండి రెండోదానికీ పనిచేస్తుందని అనుకోవడం అత్యంత సహజమైన పొరపాటు. పొగమంచుగా మారిన వాంపైర్ కూడా 3.5 నియమాల్లో అశరీరి కాదు. అది వాయురూపం, దాని నియమాలు వేరు.

మూడో అడుగు: శత్రువు వివరాల పట్టికలో అసలు వాక్యాన్ని వెతకండి

ఈ అడుగు ఐదవ ఎడిషన్‌లో చాలా ముఖ్యం, ఎందుకంటే అక్కడ అశరీరులందరికీ వర్తించే ఒకే సాధారణ నియమం లేదు. గోడల్లోంచి వెళ్లగలగడం ఒక వాక్యం, ఆయుధాలకు తట్టుకోవడం ఇంకొక వాక్యం. ఒకటి ఉంది కనుక రెండోదీ ఉంటుందని ఊహించకూడదు. ప్రతి జీవి వివరాల్లో, ఏ దెబ్బలు సగమే పడతాయో చెప్పే డ్యామేజ్ రెసిస్టెన్స్ అన్న వరుసను చివరి పదం దాకా చదవాలి.

2014 నియమాల్లో ఘోస్ట్, స్పెక్టర్, షాడో, బన్షీ అనే నాలుగు రకాల ప్రేతాలకూ మాయాయుధం కాని దానితో పొడిచినా, నరికినా, మోదినా సగం డ్యామేజే పడుతుంది. వెండి గురించి ఆ వాక్యంలో మాట లేదు. అంటే వెండి పూత పూసిన మామూలు కత్తి కూడా వాటి ముందు మామూలు కత్తే. రైత్ దగ్గరికి వచ్చేసరికి వాక్యం మారుతుంది: మాయాయుధం కాని, వెండి పూత లేని ఆయుధాలకే దానికి రెసిస్టెన్స్. ఆ చిన్న చేర్పుతో వెండి కత్తి రైత్‌కు పూర్తి డ్యామేజ్ ఇస్తుంది.

ఇది రచయితల తొందరపాటుతో దొర్లిన తేడా అని నేను అనుకోను. ఈ ఆట తొలి రూపాల్లోనే రైత్‌ను వెండి ఆయుధం గాయపరచగలిగేది. కాకపోతే అప్పట్లో సగం డ్యామేజే. స్పెక్టర్‌కు ఆ బలహీనత అప్పుడూ లేదు. దశాబ్దాల నాటి ఆ ఆనవాయితీ ఐదవ ఎడిషన్‌లోనూ ఒక్క రైత్ దగ్గర మిగిలింది. పాత నియమాల జాడ ఇలా కొత్త పట్టికలో కనిపించడం ఈ ఆటల్లో నాకు అన్నిటికంటే నచ్చే విషయాల్లో ఒకటి.

లెక్క చూద్దాం. మీ యోధుడి ఖడ్గం 1డి8+3 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, దానికి 3 కలిపి) డ్యామేజ్ ఇస్తుందనుకుందాం. సగటు 7.5. రైత్‌కు 67 హిట్ పాయింట్లు (ప్రాణబలం). వెండి పూత ఉంటే సుమారు 9 దెబ్బలు చాలు. పూత లేకపోతే ప్రతి దెబ్బా సగమై, భిన్నం కిందికి సవరించబడి, సగటు 3.5కి పడిపోతుంది, 20 దెబ్బలు కావాలి. పూత ఖర్చు ఒక ఆయుధానికి గానీ పది బాణాలకు గానీ 100 బంగారు నాణేలు. రైత్ ఖాయమని తెలిస్తే ఆ ఖర్చు కళ్లు మూసుకుని పెట్టవచ్చు. అదే పూతతో 45 హిట్ పాయింట్ల ఘోస్ట్ మీదికి వెళ్తే 6 దెబ్బలతో తేలాల్సిన పని 13 దెబ్బలకు సాగుతుంది, 100 నాణేలూ పోతాయి.

ఐదవ ఎడిషన్ 2024లో సవరించబడిన తరువాత, 2025లో వచ్చిన రాక్షసుల పుస్తకంలో "మాయాయుధం కాని" అన్న షరతు తీసేశారు. కొత్త పట్టికలు వాడుతున్న బల్లల దగ్గర మీ +1 ఖడ్గం (మాయాయుధాల్లో తొలి మెట్టు) కూడా దెయ్యం మీద సగమవుతుంది. అక్కడ ఆయుధం ఏ లోహమన్నది వదిలేసి, అది ఏ రకం డ్యామేజ్ ఇస్తుందో చూడాలి. ఆ నియమాల్లో ఒట్టి చేతులతో పోరాడే మాంక్ ఆరో స్థాయి నుంచి పిడిగుద్దులతో ఫోర్స్ (శుద్ధ మంత్రశక్తి) డ్యామేజ్ ఇవ్వగలగడం అందుకే అంత విలువైనది.

నాలుగో అడుగు: 3.5, పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లలో రెండు మెట్లు

ఈ రెండింటిలో అశరీరి అన్నది స్పష్టమైన ఉపజాతి. నియమం రెండు మెట్లుగా పనిచేస్తుంది. మొదటి మెట్టు: మాయాయుధం కాకపోతే డ్యామేజ్ సున్నా. వెండిదైనా, కోల్డ్ ఐరన్‌దైనా, అడమంటైన్‌దైనా సున్నాయే. రెండో మెట్టు: మాయాయుధమైనా సరే, 3.5లో ప్రతి దెబ్బకూ 50 శాతం అవకాశంతో డ్యామేజ్ మొత్తం గాలిలో కలిసిపోతుంది. పాత్‌ఫైండర్ దీన్ని మార్చి ప్రతి దెబ్బకూ ఖచ్చితంగా సగం డ్యామేజ్ అని రాసింది. సగటు ఒకటే అయినా బల్ల దగ్గర అనుభవం ఒకటి కాదు. 3.5లో అద్భుతమైన దెబ్బ కొట్టి, నాణెం ఎగరేసినట్టు రెండో పాచిక వేసి, ఏమీ మిగలక చేతులు దులుపుకోవాల్సి వస్తుంది. పాత్‌ఫైండర్‌లో ఆ నిరాశ లేదు కానీ అక్కడ అశరీరుల మీద క్రిటికల్ దెబ్బలు (అదనపు నష్టం చేసే గట్టి దెబ్బలు), స్నీక్ అటాక్ (చాటు దాడి) పనిచేయవు. చాటు దాడిని నమ్ముకునే రోగ్ పాత్ర ఆడేవారు ఇది ముందే తెలుసుకుంటే మంచిది.

ఈ రెండో మెట్టును ఒక్కసారిగా దాటించేది ఘోస్ట్ టచ్ అనే గుణం. ఇది లోహం కాదు, ఆయుధం మీద వేయించే మంత్రం. ఇది ఉన్న ఆయుధం అశరీరులకు పూర్తి డ్యామేజ్ ఇస్తుంది. పాత్‌ఫైండర్‌లో క్రిటికల్, స్నీక్ అటాక్ కూడా తిరిగి పనిచేస్తాయి. ధరలో ఇది +1తో సమానం. ముందు ఆయుధానికి +1 ఉండాలి, దాని మీద ఇది. అంటే మొత్తం +2 విలువ. +1 ఘోస్ట్ టచ్ లాంగ్‌స్వోర్డ్ ఖరీదు 8,315 బంగారు నాణేలు: ఖడ్గానికి 15, మేలురకం తయారీకి 300, మంత్రానికి 8,000. ఉత్త +1 ఖడ్గమైతే 2,315 మాత్రమే.

ఆ 6,000 నాణేల తేడాకు ఏం వస్తుంది? 3.5లో రైత్‌కు సగటున 32 హిట్ పాయింట్లు. మీ దెబ్బ సగటు 8.5 అనుకుంటే, ఉత్త +1 ఖడ్గంతో దాదాపు 8 తగిలిన దెబ్బలు కావాలి, ఘోస్ట్ టచ్‌తో 4 చాలు. రైత్ స్పర్శ కాన్‌స్టిట్యూషన్‌ను (పాత్ర దేహదార్ఢ్యాన్ని) తినేస్తుందని, అది మీ ఇనుప కవచాన్నీ డాలునూ లెక్కచేయదని గుర్తుంచుకుంటే, ఆ నాలుగు దెబ్బల తేడా ఒక్కోసారి ఒక పాత్ర ప్రాణంతో సమానం. అయినా నా సలహా: జట్టు మొత్తానికి కొనకండి. ముందు వరుసలో నిలబడే ఒకరికి కొని, మిగతావారు మంత్రాల మీద ఆధారపడటం మేలు.

ఒక హెచ్చరిక. ఘోస్ట్ టచ్ ఆయుధాన్ని అశరీరి కూడా పట్టుకోగలదు, ఎత్తుకుపోగలదు. చేతిలోంచి జారిన ఖడ్గం దెయ్యం చేతికి వెళ్లడం నియమం ఒప్పుకునే విషయమే.

లోహాల సంగతి ఇక్కడ మరింత చేదుగా ఉంటుంది. 3.5లో ఆల్కెమికల్ సిల్వర్ పూత ఉన్న ఆయుధానికి డ్యామేజ్ ఒకటి తగ్గుతుంది. కోల్డ్ ఐరన్ ఆయుధం మామూలు ధరకు రెట్టింపు, దానికి మంత్రం వేయించాలంటే మరో 2,000 నాణేలు అదనం. అడమంటైన్ ఆయుధానికి 3,000. దెయ్యాల కోసమే అయితే ఈ ఖర్చుల్లో ఒక్కటీ మీకు అక్కరకు రాదు. మీ కథలో డీమన్లు, వేర్‌వుల్ఫ్‌లు కూడా వస్తారంటే అప్పుడు లోహాన్ని ఎంచుకుని, దాని మీద ఘోస్ట్ టచ్ వేయించుకోండి. రెండు ప్రశ్నలకూ ఒకే ఆయుధం జవాబు చెబుతుంది.

ఐదో అడుగు: పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో తీసివేత లెక్క

ఇక్కడ శాతాలు లేవు, సగాలు లేవు. అశరీరికి దాదాపు అన్ని రకాల డ్యామేజ్‌కూ ఒక నిర్దిష్ట సంఖ్య రెసిస్టెన్స్ ఉంటుంది, ప్రతి దెబ్బ నుంచీ అంత తీసేస్తారు. ఆయుధం మాయాయుధం కాకపోతే ఆ సంఖ్య రెట్టింపు. నాలుగో స్థాయి సాధారణ ఘోస్ట్‌కు 30 హిట్ పాయింట్లు, రెసిస్టెన్స్ 5. ఏ రూన్ (ఆయుధం మీద చెక్కే మంత్రాక్షరం) లేని ఖడ్గం 1డి8+4 ఇస్తుందనుకుంటే దాని గరిష్ఠం 12. రెట్టింపైన రెసిస్టెన్స్ 10 తీసేస్తే మిగిలేది 2. పాచికపై 6 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే మిగిలేది సున్నా. ఆ ఖడ్గం వెండిదైనా ఇదే లెక్క, ఎందుకంటే వెండి దాన్ని మాయాయుధం చేయదు.

ఘోస్ట్ టచ్ ఇక్కడ ఒక రూన్. నాలుగో స్థాయి వస్తువు, 75 బంగారు నాణేలు. దాన్ని చెక్కడానికి ఆయుధం మీద ముందే +1 పొటెన్సీ రూన్ ఉండాలి, అది 35 నాణేలు. ఈ ఎడిషన్‌లో బంగారం విలువ చాలా ఎక్కువ కనుక 3.5 ధరలతో పోల్చకండి. ఘోస్ట్ టచ్ ఉంటే ఆ రెసిస్టెన్స్ మీ దెబ్బకు వర్తించదు.

చాలామంది పట్టించుకోని నియమం ఒకటుంది: అన్ని రకాల డ్యామేజ్‌కూ రెసిస్టెన్స్ ఉన్నప్పుడు, ఒకే దెబ్బలోని ప్రతి రకం డ్యామేజ్ నుంచీ దాన్ని విడివిడిగా తీసేస్తారు. మీ ఖడ్గం 9 కోత డ్యామేజ్, 4 నిప్పు డ్యామేజ్ ఇచ్చిందనుకోండి. 13 నుంచి 5 తీసి 8 అనుకుంటే తప్పు. 9 నుంచి 5 పోతే 4, నిప్పు 4 నుంచి 5 పోతే ఏమీ లేదు, మొత్తం 4. నిప్పు రూన్, మంచు రూన్, మెరుపు రూన్ అన్నీ పేర్చి గొప్పగా తయారుచేసుకున్న ఆయుధాలు దెయ్యం ముందు చతికిలబడేది ఇందుకే. ఒక రూన్‌కే స్థలం ఉండి, కథలో దెయ్యాల ఛాయలు కనిపిస్తుంటే, నిప్పు కంటే ముందు ఘోస్ట్ టచ్ చెక్కించుకోండి.

ఆరో అడుగు: డబ్బు లేనప్పుడు

మొదటి రెండు మూడు స్థాయిల్లో మాయాయుధం కొనే స్తోమత ఉండదు. అప్పుడు పవిత్ర జలం మంచి తోడు. 3.5లోనూ ఐదవ ఎడిషన్‌లోనూ సీసా 25 నాణేలు. ఐదవ ఎడిషన్‌లో అది మృతజీవులకు 2డి6 (ఆరు ముఖాల పాచికలు రెండు) రేడియంట్, అంటే దివ్యకాంతి, డ్యామేజ్ ఇస్తుంది. షాడోకు రేడియంట్ బలహీనత కనుక అది రెట్టింపవుతుంది. షాడోకు ఉన్న 16 హిట్ పాయింట్లలో ఒక్క సీసాతోనే చాలావరకు కరిగించవచ్చు. 3.5లో వాడే పద్ధతి మాత్రం జాగ్రత్తగా గమనించండి. ఒళ్లు లేని దాని మీదికి విసిరితే సీసా పగలదు. మూత తీసి, పక్కనే నిలబడి, దాని మీద పోయాలి. అంటే పవిత్ర జలం వాడేవారు దెయ్యానికి చేయి అందేంత దగ్గరికి వెళ్లాల్సిందే.

నూనె, కాగడా మీద ఆశ పెట్టుకోకండి. ఐదవ ఎడిషన్‌లో ఈ జీవుల్లో చాలావాటికి నిప్పు మీద కూడా రెసిస్టెన్స్ ఉంది. మ్యాజిక్ మిస్సైల్ మంత్రానిది ఫోర్స్ డ్యామేజ్ కనుక దాదాపు ఏ ఎడిషన్‌లోనైనా పూర్తిగా తగులుతుంది. 2014 నియమాల్లో మ్యాజిక్ వెపన్ మంత్రం ఒక గంటపాటు మామూలు కత్తిని మాయాయుధం చేస్తుంది, ఏకాగ్రత చెదరకపోతే. పవిత్ర యోధుడైన పాలడిన్ తన దెబ్బకు జోడించే డివైన్ స్మైట్ రేడియంట్ కనుక కత్తి దెబ్బ సగమైనా స్మైట్ సగం కాదు. ఆ శక్తిని దెయ్యాల కోసమే దాచుకున్న పాలడిన్ జట్టుకు వరం. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో ఘోస్ట్ సాల్ట్ అనే రసాయన పొడి ఉంది. దాన్ని ఆయుధం మీద చల్లి మంట మీద కాసేపు పట్టుకుంటే పూతలా అంటుకుంటుంది, తగిలిన తొలి దెబ్బ వరకు అశరీరికి పూర్తి డ్యామేజ్ ఇస్తుంది. ఒక మోతాదుతో పది బాణాలకు పూయవచ్చు కనుక ఇది విలుకాడి చేతిలో అందరికంటే ఎక్కువ గిట్టుబాటు.

ఏడో అడుగు: సరైన ఆయుధం ఉన్నా ఎప్పుడు కొట్టాలి

అశరీరి గోడలో దాక్కుంటే మీ ఆయుధం ఏదైనా ఉపయోగం లేదు. 3.5లో గోడ లోపల ఉన్నంతసేపూ దానికి పూర్తి ఆచ్ఛాదన. కానీ అది మిమ్మల్ని కొట్టడానికి చేయి బయటపెట్టిన క్షణంలో ఆ రక్షణ తగ్గుతుంది. కాబట్టి మీ వంతు వచ్చినప్పుడు గోడను పొడవకుండా, "అది దాడి చేసినప్పుడు కొడతాను" అని చర్యను సిద్ధంగా ఉంచుకోండి. ఇంకా మంచిది, గది మధ్యలో గోడలకు దూరంగా నిలబడటం. అప్పుడు అది బయటికి రాక తప్పదు.

ఈథీరియల్ అనే పక్క లోకంలోకి జారుకున్న ఘోస్ట్ సంగతి వేరు. ఐదవ ఎడిషన్‌లో అది అక్కడ ఉండగా మీకు లీలగా కనిపించవచ్చు, కానీ మీరు దాన్ని ముట్టలేరు, అది మిమ్మల్ని ముట్టలేదు. ఘోస్ట్ టచ్ అశరీరుల కోసం, వేరే లోకంలో ఉన్నవారి కోసం కాదు. ఆ సమయంలో గాయాలకు మందు వేసుకోండి, మంత్రాలు సిద్ధం చేసుకోండి.

గేమ్ మాస్టర్లకు: ఇనుము గురించి

మన ఇళ్లలో బాలింత మంచం కింద ఇనుప ముక్కో కత్తో పెట్టడం, రాత్రివేళ బయటికి వెళ్లేవారు ఇనుప వస్తువు వెంట ఉంచుకోవడం చాలామందికి తెలిసిన అలవాట్లు. అందుకే తెలుగు ఆటగాడు దెయ్యం అనగానే వెండి కంటే ముందు ఇనుము గురించి అడుగుతాడు. పైన చెప్పిన ఏ ఆటలోనూ మామూలు ఇనుముకు ఆ శక్తి లేదు. మీరు మన ఊళ్ల నేపథ్యంలో కథ నడుపుతుంటే దాన్ని కల్పించడం నాకు ఎంతో ఇష్టమైన పని, కానీ ఎలా కల్పించాలన్నది ఆలోచించాలి.

"ఇనుప ఆయుధం దెయ్యానికి పూర్తి డ్యామేజ్ ఇస్తుంది" అని రాసేస్తే దెయ్యం రక్షణ మొత్తం కూలిపోతుంది, ఎందుకంటే లోకంలోని కత్తులన్నీ ఇనుమువో ఉక్కువో. బదులుగా ఇనుమును అడ్డుగోడగా వాడండి. మన నమ్మకాల్లో కూడా ఇనుము దెయ్యాన్ని చంపదు, దగ్గరికి రానివ్వదు. గడపకు అడ్డంగా పరిచిన ఇనుప గొలుసును అశరీరి దాటలేదని, గదిలో నాలుగు మూలలా మేకులు దిగేస్తే ఆ గోడల్లోంచి రాలేదని నియమం పెట్టవచ్చు. మేకులు దిగేయడానికి ఒక్కోదానికి ఒక చర్య పడుతుందంటే, నలుగురు ఆటగాళ్లు నాలుగు మూలలకు పరుగెత్తే దృశ్యం దానంతట అదే పుడుతుంది, కొట్టడం చేతకాని పాత్రకు కూడా పని దొరుకుతుంది.

ఏ నియమం పెట్టినా ఆటగాళ్లకు పోరాటానికి ముందే తెలిసే దారి ఉంచండి. గుడి పూజారి మాట, చనిపోయిన సైనికుడి దగ్గర నల్లబడిన వెండి బాకు, మంత్రం లేని బాణాలు చెక్కుచెదరకుండా పడి ఉన్న వసారా, ఇలాంటివి రెండు మూడు చాలు. పోరాటం మొదలయ్యాక తొలి దెబ్బకే ఏం జరిగిందో వర్ణించండి: కత్తి పొగలోంచి వెళ్లినట్టు సాగిపోయిందా, సగం తగిలి సగం జారిందా, లేక మాంసాన్ని కోసినట్టు ఆగిందా. ఈ మూడు వర్ణనలూ సున్నా, సగం, పూర్తి డ్యామేజ్‌లకు గుర్తులుగా ఆట మొత్తం ఒకేలా వాడితే, ఆటగాళ్లు మీ పట్టిక చూడకుండానే సరైన ఆయుధానికి చేయి చాపుతారు.